బ్లాక్ సైజు మార్చాక పాత క్లయింట్లు 64 ఎంబీ దాటగానే తప్పు డేటా చదువుతున్నాయి

అన్నా, ఒంగోలులో మా ఆఫీసులో నాలుగు మిషన్ల మీద సొంతంగా రాసుకున్న స్టోరేజ్ నడుస్తోంది, చీమకుర్తి క్వారీల డ్రోన్ వీడియోలు అందులోనే ఉంటాయి. ఫైళ్లని బ్లాకులుగా, అంటే ముక్కలుగా, కోసి దాస్తాం; ఆ బ్లాక్ సైజు 64 ఎంబీ అని సర్వర్లోనూ క్లయింట్లోనూ (ఫైళ్లు అడిగి చదివే ప్రోగ్రామ్) కోడ్‌లోనే రాసేశాం. బ్లాకుల సంఖ్య బాగా పెరిగిపోయి మెటాడేటాకి (ఏ ఫైలు ఏ బ్లాకుల్లో ఉందో రాసుకునే వివరాలు) ర్యామ్ చాలట్లేదు, అందుకని సైజుని కాన్ఫిగ్‌లోకి తెచ్చి 128 పెట్టా.

మొదట పాత ఫైళ్లే పాడుగా కనిపించాయి, వాటి మెటాడేటాలో సైజు లేదు కాబట్టి కోడ్ 128 అనుకుంది. హడూప్ వాళ్ల స్టోరేజ్ హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో లాగా ప్రతి ఫైలుకీ దాని సైజు దాంతోపాటే రాసి, లేకపోతే 64 అనుకోమన్నా, అది సరిపోయింది.

అసలు తిప్పలు క్వారీల దగ్గరున్న 11 పాత క్లయింట్లతో. అవి ఆ కొత్త ఫీల్డుని పట్టించుకోవు, ఆఫ్‌సెట్‌ని (ఫైల్లో ఎన్నో ఎంబీ అనేది) 64తోనే భాగిస్తాయి, 70వ ఎంబీ కావాలంటే బ్లాక్ 1లో (లెక్క 0 నుంచి, అంటే రెండో బ్లాక్) 6వ ఎంబీ అడుగుతాయి, వచ్చేది 134వ ఎంబీ. చెక్‌సమ్ (డేటా పాడైందా అని చూసే లెక్క) బ్లాక్ లోపలి డేటాకే కాబట్టి పాసైపోతుంది, ఎర్రరే రాదు, నాకు భయమేసేది అదే. వెర్షన్ పంపని క్లయింట్‌ని ఆపేసి చూశా, కొత్త వీడియోలు అసలు తెరుచుకోవట్లేదని అక్కడ పని ఆగిపోయింది. ఆ క్లయింట్లని అప్‌డేట్ చేయడానికి కనీసం రెండు నెలలు పడుతుంది.

ఈ రెండు నెలలు పాత క్లయింట్లకి సర్వరే ఒక్కో 128 బ్లాకుని రెండు 64 బ్లాకులుగా చూపించడం సేఫేనా, లేక అప్పటిదాకా కొత్త ఫైళ్లు కూడా 64లోనే రాయమంటారా?