‘ఐడ్ డూ ఎనీథింగ్ ఫర్ లవ్’లో ఆ ఆడగొంతు ఎవరిది?

వైజాగ్_రాకర్:
అమెరికన్ రాక్ గాయకుడు మీట్ లోఫ్ పాట తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు కాబట్టి నేరుగా అడిగేస్తున్నా. 1993 వీడియోలో కనిపించే అమ్మాయేనా పాడింది? ‘ప్రేమ కోసం ఏదైనా చేస్తా, అది మాత్రం చెయ్యను’ అంటాడు కదా, ఏది చెయ్యడట? కొత్త హెడ్‌ఫోన్స్ కొన్నా. పన్నెండు నిమిషాల ఆల్బమ్ వెర్షన్ వినాలా, రేడియోది చాలా?

పాత_క్యాసెట్:
వీడియోలో ఉన్నది డేనా ప్యాట్రిక్ అనే మోడల్. పెదాలు కదిపింది, అంతే. గొంతు లొరైన్ క్రాస్బీది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్, వాకర్ అనే పేటలో పుట్టింది. రెండేళ్లప్పుడే తండ్రి రోడ్డు ప్రమాదంలో పోతే తల్లి ఒక్కతే నలుగురు పిల్లల్ని పెంచింది. ఈ పాట రాసిన జిమ్ స్టైన్‌మన్ ఆమెకి మేనేజరయ్యాడు, ఆయన వెనకే లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లింది. అక్కడ సన్‌సెట్ బులెవార్డ్ స్టూడియోలో మీట్ లోఫ్ కోసం ఊరికే ట్రాక్, అంటే అసలు గాయని వచ్చేదాకా నమూనాగా, పాడిపెట్టమన్నారు. షేర్, బానీ టైలర్ లాంటి పెద్ద గాయనుల పేర్లు అనుకుని, చివరికి ఆ ట్రాక్ గొంతునే ఉంచేశారు. ట్రాక్ కాబట్టి ఆ రికార్డింగుకి డబ్బులివ్వలేదు. ఆల్బమ్ మీద పేరు కూడా ‘మిసెస్ లౌడ్’ అనే వేశారు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది నాకు.

శ్రుతి_లయ:
ట్రాక్ అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నా. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ట్రాక్‌లు పాడాను. అర్ధరాత్రి ఫోన్ చేసి ‘అమ్మా, పొద్దున్నే హీరోకి వినిపించాలి’ అంటారు. గొంతు బాగోకపోయినా వెళ్లి పాడతాం. ఒక సినిమాలో పల్లవి ముందు ఆలాపన నాదే ఉంచేశారు. థియేటర్లో నా గొంతు నేను గుర్తుపట్టాను. పేర్లలో మాత్రం నేను లేను. అడిగితే ‘ట్రాకేగా’ అన్నారు. లొరైన్ బాధ ఎవరూ నాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మిక్సింగ్_మాస్టారు:
నేను ముప్పై ఏళ్లుగా స్టూడియోలో సౌండ్ కన్సోల్ ముందు కూర్చున్నవాణ్ని, ఈ గొడవలన్నీ దగ్గర్నుంచి చూశా. ట్రాక్ అంటే ట్రాకే. అసలు గాయకుడికి దారి చూపించడానికి పాడేది. పాడేవాళ్లకి ముందే తెలుసు. ఆ పాట అమెరికాలో ఐదు వారాలు, బ్రిటన్‌లో ఏడు వారాలు నంబర్ వన్‌గా ఉంటుందని ఆరోజు ఎవరికి తెలుసు? హిట్టయ్యాక వాటా అడగడం ధర్మం కాదు.

శ్రుతి_లయ:
మాస్టారూ, దారి చూపించడానికి పాడితే తర్వాత చెరిపేసి వేరేవాళ్లతో పాడించాలి. చెరపకుండా అమ్ముకున్నారంటే అది ట్రాక్ కాదు, పాట. ధర్మం సంగతి మీరే చెప్పండి!

మిక్సింగ్_మాస్టారు:
అమ్మా, కోపం వద్దు. సంతకం లేకుండా ఎవరూ రూపాయి ఇవ్వరు. నేను ఉన్నమాట చెప్పాను.

పాత_క్యాసెట్:
ఉన్నమాట అంటే 2012లో మన దేశంలో కాపీరైట్ చట్టం సవరించి గాయకులకి రాయల్టీ హక్కు ఇచ్చారు. అదీ చెప్పండి మాస్టారూ. ముప్పై ఏళ్ల అనుభవం అంటే నిర్మాత పక్షాన మాట్లాడటమేనా?

న్యూజెర్సీ_నాని:
చట్టం పక్కనపెట్టండి. అసలు అన్యాయం వీడియో దగ్గర జరిగింది. మైకేల్ బే డైరెక్షన్, ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ తరహా కోట, కొవ్వొత్తులు, బీస్ట్‌గా మీట్ లోఫ్. ఆ అందానికి లోకమంతా ఆ గొంతు తగిలించేసుకుంది. టూర్లలో ఆ భాగం పాడింది ప్యాటీ రూసో. అంటే ఒక్క పాటకి గొంతు ఒకరిది, మొహం ఒకరిది, స్టేజీ ఇంకొకరిది. వీళ్లకిది కొత్త కూడా కాదు. 1977లో మీట్ లోఫ్ పాట ‘ప్యారడైజ్ బై ద డ్యాష్‌బోర్డ్ లైట్’ రికార్డులో పాడింది ఎలెన్ ఫోలీ, వీడియోలో పెదాలు కదిపింది కార్లా డెవిటో!

గోదారి_గిటార్:
మన సినిమాల్లోనూ మొహం వేరు, గొంతు వేరే కదా నాని గారూ. దాన్ని మోసం అంటామా?

న్యూజెర్సీ_నాని:
మనకి సుశీల గారు పాడారని క్యాసెట్ మీద ఉండేది, రేడియోలో చెప్పేవాళ్లు. ఇక్కడ పెళ్లాం పేరులా ‘మిసెస్’ అని పెట్టారు, మనిషి ఎవరో తెలియలేదు. రెండూ ఒకటెలా అవుతాయి? 1994లో ఈ పాటకి గ్రామీ వచ్చింది. ఏ విభాగంలో? రాక్ ‘సోలో’ గానంలో. ఇద్దరు పాడిన పాటకి!

వైజాగ్_రాకర్:
నా రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు.

గోదారి_గిటార్:
పాటలోనే ఉంది బ్రదర్. ప్రతిసారీ ‘చెయ్యను’ అనే ముందు లైన్ విను. నిన్ను మర్చిపోవడం, నీ గురించి కలగనడం ఆపేయడం, అలాంటివి. చివర్లో ఆమె ‘కొన్నాళ్లకి నన్ను వదిలేస్తావు, వేరేవాళ్ల వెంట పడతావు’ అంటే అవీ చెయ్యనంటాడు. జనం అర్థం చేసుకోవట్లేదని మీట్ లోఫ్ ఒక టీవీ షోలో నల్లబల్ల పెట్టి మరీ వివరించాడు. దీన్ని వదిలేసి ఆ పియానో గురించి మాట్లాడండయ్యా! రాయ్ బిట్టన్ వాయించాడు, రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్ మనిషి. ఆ ‘ప్యారడైజ్’ పాట ఉన్న 1977 ఆల్బమ్‌లోనూ ఆయనే. గిటార్ వాళ్లకి వచ్చే పేరు పియానో వాళ్లకి ఎప్పుడూ రాదు.

మిక్సింగ్_మాస్టారు:
పియానోకి మైకులు పెట్టడం గురించి నేను వేరే థ్రెడ్ పెడతా. చాలామందికి చేతకాని పని అది.

పాత_క్యాసెట్:
శ్రుతి గారూ, ఒకటి మీకు చెప్పాలి. లొరైన్ 2008లో సొంత ఆల్బమ్ తెచ్చుకుంది. దాని పేరు ‘మిసెస్ లౌడ్’.

శ్రుతి_లయ:
ఇవాళే వింటాను. వైజాగ్ తమ్ముడూ, నువ్వు పన్నెండు నిమిషాలదే విను. ఆమె వచ్చేది చివర్లో, మధ్యలో ఆపకు.