మేళాలో స్టాల్ పెట్టాలా, ఇంటి దగ్గర బ్లౌజులే కుట్టుకోవాలా?

సూదిదారం, కర్నూలు:
ఆరేళ్లుగా సి క్యాంప్‌లో ఇంట్లోనే బ్లౌజులు కుడుతున్నా. ఈ మధ్య మిగిలిన గుడ్డముక్కలతో చేతిసంచులు, దిండు గలీబులు కుడితే చూసినవాళ్లంతా బాగున్నాయంటున్నారు. హస్తకళల మేళాలో మూడు రోజులకు స్టాల్ తీసుకుందామని ఉంది. మా ఆయనేమో, "చేతిలో ఉన్న బ్లౌజులు పక్కన పెడితే గిరాకీ పోతుంది" అంటున్నారు. స్టాల్ పెట్టినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

టైలరక్క, అనంతపురం:
చెల్లీ, మీ ఆయన మాట విను. పోయిన ఏడు నేను పెట్టా. స్టాల్ అద్దె 3,000, ఆటోలకు 400. సంచి 150 అని రాసిపెడితే, బేరాలు పోగా సగటున 120 పడింది. 41 అమ్మితే 4,920 వచ్చింది. గుడ్డ, లైనింగ్, జిప్పు, దారం కలిపి సంచికి 60 చొప్పున 2,460 ఖర్చు. అద్దె, ఆటోలు కూడా తీసేస్తే 940 చేతినుంచి పడింది. నెల రోజులు రాత్రిళ్లు కూర్చున్న కష్టం ఇందులో లెక్కలేదు. పైగా రెడీమేడ్ జీన్సుకు పేరున్న రాయదుర్గం మా జిల్లాలోనే ఉంది. వందల్లో కుట్టేవాళ్ల ధరతో ఇంట్లో ఒక్క మిషన్ ఏం పోటీ పడుతుంది?

పట్టుసంచి, కడప:
అక్కా, మీరు కూలి కలపకుండా 150 రాశారు, అక్కడే దెబ్బతిన్నారు. నేను మామూలు సంచులు పెట్టను. పాత ధర్మవరం పట్టుచీరల అంచులతో తాంబూలం సంచులు కుడతా. సన్నసూది వేసుకుని, జరీ వెనక ఫ్యూజింగ్ (వేడికి అంటుకునే పలచటి గుడ్డ) పెట్టి ఇస్త్రీ చేశాకే మిషన్ ఎక్కిస్తా, లేకుంటే జరీ లేచిపోతుంది. నూలు గుడ్డయితే ముందే తడిపి ఆరబెట్టి కత్తిరించాలి. మొదటి మేళాలో నేను అమ్మింది పదిహేనే. కానీ వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకున్నా. వాళ్లలో ఒకావిడ కూతురి పెళ్లికని వాళ్లమ్మ చీరలు తెచ్చిచ్చి 120 సంచులు కుట్టించుకుంది. మొదటి చీర కొంగు కత్తిరిస్తుంటే పక్కనే నిలబడి, కత్తెర ఆగేదాకా మాట్లాడలేదు. అలాంటి ఆర్డరు ఇంటి గుమ్మం వెతుక్కుంటూ వస్తుందా?

టైలరక్క, అనంతపురం:
అది మంచి ఆర్డరే, కాదనను. మరి ఆషాఢంలో ముహూర్తాలుండవు కదా? అప్పుడు ఇల్లు నడిపేది బ్లౌజులే. ఇంకో మాట చెల్లీ, అప్పు చేసి దిగొద్దు. పీఎం విశ్వకర్మ అనే కేంద్రం పథకంలో దర్జీలకు మొదట లక్ష దాకా 5 శాతం వడ్డీకి ఇస్తారు, పనిముట్లకు 15,000 వేరే. వస్తే మంచి మిషన్ కొనుక్కో. స్టాల్ అద్దెకు మాత్రం తగలెయ్యకు.

పట్టుసంచి, కడప:
అప్పు సంగతిలో అక్క మాటే నా మాట. డ్వాక్రాలో ఉంటే, సంఘాలవాళ్లు సరుకు అమ్ముకునే సరస్ మేళాల గురించి మీ సంఘం లీడర్‌ని అడుగు చెల్లీ. అసలు స్టాలే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

సూదిదారం, కర్నూలు:
మా సంఘంలో ఊరగాయలు అమ్మే వదిన ఉంది. ఆమెతో కలిసి సగం స్టాల్ తీసుకుంటా, బ్లౌజులు ఆపను. రాత్రి గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక సంచి కుట్టి చూశా, యాభై నిమిషాలు పట్టింది. నేనూ 150 అనే రాసుకున్నా, ఆ చీటీ చించేశా. కడప అక్కా, 220 అంటే ఎక్కువవుతుందా?