వెచ్చని సముద్రంలో వారం రోజులు: ఈ మూడు ఓడల్లో దేన్ని ఎంచుకోవాలి?

నీలికెరటం (ప్రశ్న)

జనవరి రెండో వారంలో మయామీ నుంచి బయలుదేరే ఏడు రాత్రుల కరీబియన్ యాత్రకు వెళ్లాలని అనుకుంటున్నాము. మేము ఆరుగురం: నేను, నా భార్య, పదమూడేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, డెబ్బై దాటిన మా అమ్మానాన్నలు. చాలా చదివిన తరువాత రాయల్ కరీబియన్ వారి ఐకన్ ఆఫ్ ద సీస్, ఎంఎస్‌సీ వారి వరల్డ్ అమెరికా, కార్నివాల్ వారి సెలబ్రేషన్ అనే మూడు ఓడల దగ్గర ఆగాను. ఇవి వరుసగా 2024, 2025, 2022 సంవత్సరాల్లో ప్రయాణాలు మొదలుపెట్టినవి కనుక మూడింటినీ కొత్త ఓడలనే చెప్పవచ్చు. మూడింటిలోనూ ఈత కొలనులు, నీటి జారుడుబల్లలు, నాటకశాలలు ఉన్నాయి. ప్రచార పత్రాలు ఎన్నిసార్లు తిరగేసినా అసలు తేడా ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు.

పిల్లలకు కావలసినవి జారుడుబల్లలు. అమ్మ ఎక్కువ దూరం నడవలేదు. నాన్నకు ఎండ పడదు, కానీ గదిలో కూర్చోమంటే ఒప్పుకోరు. కొన్నేళ్ల క్రితం మేము వెళ్లిన ఒక ఓడలో ఉదయం ఎనిమిది గంటలకే కొలను దగ్గర నీడలో ఉన్న కుర్చీలన్నిటి మీదా తువాళ్లు పరచి ఉండేవి. మనుషులు మాత్రం పదకొండు దాటితే గాని వచ్చేవారు కాదు. ఆ అనుభవం మళ్లీ వద్దు. ఓడ పెద్దదైతే రద్దీ కూడా పెరుగుతుందా? పెద్దవాళ్లకు ఏ గది తీసుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతప్రయాణికుడు

నీలికెరటం గారూ, రద్దీని ఓడ పరిమాణంతో కొలవకూడదు. ఒక్కో ప్రయాణికుడికి ఎంత చోటు దక్కుతుందో చూడాలి. ఓడల విషయంలో చెప్పే స్థూల టన్నేజీ బరువుకు సంబంధించినది కాదు, ఓడ లోపలి ఘనపరిమాణాన్ని బట్టి లెక్కగట్టేది. కాబట్టి దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే ఓడ ఎంత ఇరుకో, ఎంత విశాలమో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఐకన్ టన్నేజీ 248,663. గదికి ఇద్దరు చొప్పున లెక్కవేస్తే అందులో 5,610 మంది పడతారు, అంటే తలకు 44 వస్తుంది. సెలబ్రేషన్ టన్నేజీ 183,521. అదే పద్ధతిలో ప్రయాణికులు 5,374 మంది కనుక అక్కడ 34 మాత్రమే.

అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. గదికి ఇద్దరు అన్న లెక్క జంటలు ఎక్కువగా ప్రయాణించే వారాలకు సరిపోతుంది. పిల్లలకు సెలవులు ఉన్న వారాల్లో మూడో పరుపు, నాలుగో పరుపు కూడా నిండుతాయి. అప్పుడు ఐకన్‌లో గరిష్ఠంగా 7,600 మంది ఉండవచ్చు, తలకు దక్కేది 33కు కాస్త తక్కువకు పడిపోతుంది. వరల్డ్ అమెరికా గురించి తరచుగా కనిపించే 6,762 అనే సంఖ్య కూడా గరిష్ఠ సంఖ్యే. దాని టన్నేజీ 216,638 కనుక తలకు సరిగ్గా 32 వస్తుంది. అంటే ఒక ఓడకు గదికిద్దరి లెక్కను, మరొక ఓడకు గరిష్ఠ లెక్కను పక్కపక్కన పెట్టి చూసేవారికి కనిపించేంత అంతరం ఈ రెండింటి మధ్య నిజానికి లేదు. మీరు చెప్పిన జనవరి రెండో వారం సాధారణంగా సెలవుల సందడి ముగిసిన తరువాతే వస్తుంది కనుక రద్దీ విషయంలో ఓడ కంటే ఆ తేదీయే మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

డెక్‌కుర్చీ

పై లెక్కలు సరైనవే. అయితే ఆ టన్నేజీలో నాటకశాలలు, భోజనశాలలు, దుకాణాలు అన్నీ కలిసి ఉంటాయి కనుక ఎండకాచే యాత్రకు వెళ్లేవారికి అది సగం సమాచారమే. నార్వేజియన్ ప్రైమా అనే ఓడనే చూడండి. 143,535 టన్నేజీకి సుమారు 3,100 మంది ప్రయాణికులు కాబట్టి తలకు 46 వస్తుంది, అంటే గదికిద్దరి లెక్కలో ఐకన్‌ను కూడా మించిపోతుంది. ఓడ చుట్టూ తిరిగి వచ్చే విశాలమైన ఆరుబయటి నడకదారి కూడా దానిలో ఉంది. అయినా పై డెక్ మీది ప్రధాన కొలను చాలా చిన్నదనే ఫిర్యాదు ఆ ఓడ మీద మొదటి నుంచీ వినిపిస్తూనే ఉంది. చోటు ఉండటం వేరు, ఆ చోటు మీకు కావలసిన చోట ఉండటం వేరు. (ఆ ఓడ మీద మూడంతస్తుల గో-కార్ట్ బాట కూడా ఉంది. కొలను ఎందుకు చిన్నదైందో నాకు దాన్ని చూశాక అర్థమైంది.)

మీ నాన్నగారి నీడ సంగతి చెబుతాను, దీన్ని ఎవరూ ప్రచార పత్రాల్లో రాయరు. జనవరిలో ఆ ప్రాంతంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. ఓడ సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్ వంటి తూర్పు రేవులకు వెళ్తున్నప్పుడు ఎండ ఎక్కువగా కుడివైపు పడుతుంది, తిరుగు ప్రయాణంలో ఎడమవైపు పడుతుంది. కోజుమెల్ వంటి పడమటి రేవులకు వెళ్తే ఇది తారుమారవుతుంది. రేవుల్లో ఆగకుండా రోజంతా ప్రయాణించే రోజులు రెండు మూడు ఉంటాయి కనుక గది ఏ వైపు తీసుకున్నారన్నది, బయట ఏ వైపు కుర్చీ వేసుకున్నారన్నది చిన్న విషయం కాదు.

రెండోది గాలి. ఓడ ఇరవై నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్లతో పోతున్నప్పుడు గాలి లేని రోజున కూడా పై డెక్ మీద అంతే వేగంతో ఎదురుగాలి వీస్తుంది. దానికి తోడు సహజంగా కూడా ఎదురుగాలి వీస్తుంటే రెండింటి వేగాలూ కలిసిపోతాయి. కాబట్టి ఎత్తయిన ముందు భాగం కంటే వెనుక భాగం, అంటే అమరం వైపు, కూర్చోవడానికి హాయిగా ఉంటుంది. సెలబ్రేషన్‌లో అమరం వైపు టైడ్స్ అనే కొలను ఉంది. వరల్డ్ అమెరికాలో కదిలే పైకప్పు ఉన్న కొలను ఒకటి ఉంది, చిరుజల్లు పడినా గాలి ఎక్కువైనా అక్కడ ఈత ఆగదు. ఐకన్‌లో ఏడు కొలనులు ఉన్నాయి కనుక జనం ఒకచోట పేరుకుపోరు. ముందు వైపు అద్దాల గోపురం కింద కూర్చుని సముద్రాన్ని చూడవచ్చు. పెద్దవాళ్లకు నేనైతే ఆ గోపురమే సిఫారసు చేస్తాను.

పిల్లల జారుడుబల్లల గురించి ఒక్క మాట: ఐకన్ మీది ఆరు జారుడుబల్లల వాటర్ పార్క్ టికెట్టులోనే కలిసి ఉంటుంది. సెలబ్రేషన్ మీది రోలర్ కోస్టర్‌కు, వరల్డ్ అమెరికాలో సముద్రం మీదికి ఊగే పెద్ద ఉయ్యాలకు విడిగా డబ్బు కట్టాలి. ఎత్తు నిబంధనలు తప్పకుండా చూడండి. కొన్నిటికి 107, కొన్నిటికి 122 సెంటీమీటర్లు ఉండాలంటారు. ఆరేళ్ల అబ్బాయి ఎత్తు ఇప్పుడే కొలిచి పెట్టుకుంటే అక్కడికి వెళ్లాక కన్నీళ్లు తప్పుతాయి.

తీరంచూపు

ఇద్దరి మాటలూ ఓడ చుట్టూనే తిరుగుతున్నాయి. నా అభిప్రాయం వేరు. జనవరిలో వెచ్చదనం కావాలనుకునేవారు ముందుగా చూడవలసింది మార్గాన్ని. ఈ మూడు సంస్థల సొంత తీరాలైన కోకోకే, ఓషన్ కే, సెలబ్రేషన్ కీ మూడూ బహామాస్‌లోనే ఉన్నాయి. ఉత్తరం నుంచి చల్లని గాలులు దిగివచ్చే రోజుల్లో అక్కడ పగలు కూడా పలుచటి స్వెట్టర్ వేసుకోవాలనిపిస్తుంది. ఆ నెలలో అక్కడి సముద్రపు నీరు సుమారు 24 డిగ్రీలు ఉంటుంది, చాలామంది పిల్లలకు పది నిమిషాల్లో వణుకు వస్తుంది. సెయింట్ థామస్, కోజుమెల్ దగ్గర అదే నెలలో 26, 27 డిగ్రీలు ఉంటుంది. కాగితం మీద తేడా రెండు మూడు డిగ్రీలే, నీటిలో దిగినప్పుడు మాత్రం చాలా తెలుస్తుంది. కాబట్టి ఏడు రోజుల్లో బహామాస్ మజిలీ ఒక్కటే ఉండి, మిగిలినవన్నీ ఇంకా దక్షిణాన ఉన్న మార్గాన్ని ఎంచుకోండి.

ఆ సొంత తీరాలు కూడా ఒకదానిని పోలినవి మరొకటి కాదు. కోకోకే ప్రధానంగా వినోదానిది. అక్కడి ఎత్తయిన జారుడుబల్లల పార్కుకు విడిగా టికెట్టు కొనాలి. ఓషన్ కే ఒకప్పుడు ఇసుక తవ్వుకున్న ద్వీపం. దాన్ని శుభ్రం చేసి, చుట్టూ సముద్ర రక్షిత ప్రాంతంగా మార్చి 2019లో ప్రయాణికులకు తెరిచారు. అక్కడ వాటర్ పార్క్ లేదు, ఇసుక, నీరు, సాయంత్రం దీపస్తంభం దగ్గర సంగీతం, అంతే. గ్రాండ్ బహామాలోని సెలబ్రేషన్ కీ 2025 జులైలో మొదలైంది. మీ అమ్మగారు నడవలేరన్నారు కనుక ప్రతి రేవులోనూ ఓడ గట్టుకు ఆనుకుంటుందా, లేక లంగరు వేసి చిన్న పడవల్లో దించుతారా అన్నది తప్పక చూడండి. గ్రాండ్ కేమన్‌లో క్రూయిజ్ ఓడలకు గట్టు లేదు, ఊగే పడవలోకి కాలు మోపవలసిందే.

నీలికెరటం

అందరికీ కృతజ్ఞతలు. తీరంచూపు గారి మాట చదివిన తరువాత పడమటి మార్గంలో గ్రాండ్ కేమన్ ఉన్న ప్రయాణాన్ని పక్కన పెట్టేశాను. అమ్మకు కడుపులో తిప్పడం గురించి భయం ఉంది. తూర్పు మార్గమైతే ఓడ ఎక్కువగా ఊగుతుందా?

పాతప్రయాణికుడు

తూర్పుకు వెళ్లేటప్పుడు అటు నుంచే వీచే వ్యాపార పవనాలకు ఎదురెళ్లాలి, చలికాలంలో అవి బలంగా వీస్తాయి. స్టెబిలైజర్ రెక్కలు ఓడ పక్కలకు ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి కానీ ముందూ వెనుకా లేచి పడటాన్ని పెద్దగా ఆపలేవు. అందువల్ల ఓడ పొడవుకు మధ్యన, వీలైనంత కింది డెక్‌లో గది తీసుకోండి. పిల్లలు చెరో కొసన కూర్చుని ఆడే సీసా బల్ల కదలిక మధ్యలో తక్కువ, చివర్లలో ఎక్కువ కదా, ఇదీ అంతే. ఐకన్ పొడవు 365 మీటర్లు కనుక ఆ మధ్య గది లిఫ్టుకు దగ్గరగా కూడా ఉంటే అమ్మగారి నడక సమస్య కూడా తగ్గుతుంది. ఒక జాగ్రత్త: ఐకన్‌లో కొన్ని బాల్కనీ గదులు సముద్రం వైపు కాకుండా ఓడ మధ్యనున్న తోట వైపు, పిల్లల ఆటస్థలం వైపు తెరుచుకుంటాయి. బాల్కనీ అన్న మాట చూసి డబ్బు కట్టకండి, డెక్ పటంలో గది సంఖ్య వెతికి దాని పైనా కిందా ఏమున్నాయో కూడా చూడండి. నేను ఒకసారి నృత్యశాలకు సరిగ్గా పై గది తీసుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు.

నీలికెరటం

పటం తెరిచాను. లిఫ్టుకు దగ్గరగా, మధ్యలో, సముద్రం వైపు, పైనా కిందా గదులే ఉన్నవి రెండు మిగిలాయి. రెండూ ఐకన్‌లో తూర్పు మార్గానివే. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు ఉన్నాయి. డెక్‌కుర్చీ గారి లెక్క ప్రకారం వెళ్లేటప్పుడు నీడ ఉండే ఎడమవైపు గది అమ్మానాన్నలకు, కుడివైపుది మాకు తీసుకుంటున్నాను. తిరుగు ప్రయాణంలో నాన్న మా బాల్కనీలోకి వస్తారు.