అప్‌డేట్: అమ్మమ్మ ఇత్తడి బొమ్మల విలువ తేలింది

అమ్మమ్మ మిగిల్చిన అయిదు ఇత్తడి బొమ్మలకు ఎంత వస్తుందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. "చింతపండుతో తోమకుండా బూడితి తీసుకెళ్లండి" అన్న సలహాయే పనికొచ్చింది. బూడితి అంటే శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి పనికి పేరున్న ఊరు. శ్రీకాకుళం నుంచి మూట ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

అక్కడి పనివారిలో ఒక పెద్దాయన ముఖాలు చూడనే లేదు, అన్నిటినీ తిరగేసి అడుగులు చూశారు. నాలుగింటికి పక్కన అతుకు గీత ఉంది. రెండు ముక్కల అచ్చులో పోసినవట, తూకం ధరే. బాలకృష్ణుడికి గీత లేదు. మైనపు బొమ్మ చుట్టూ మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో ఇత్తడి పోసి చేసినదట. అచ్చు పగలగొట్టి తీస్తారు కనుక అచ్చంగా అలాంటిది ఇంకొకటి ఉండదు. అరిగిన ముక్కు పూజల వల్లనట, లోపం కాదు.

అయస్కాంతం అంటుతుందా అని చూసిన పరీక్ష దండగ: అంటలేదు కనుక ఇనుము కాదని తెలిసింది, అంతే. నాలుగూ తూకానికి ఇచ్చేశాను. కృష్ణుణ్ణి అమ్మడం లేదు.