నాన్నగారికి ఎలక్ట్రిక్ బ్రష్ కొనొచ్చా?

పటమట అబ్బాయి: నాన్నగారికి డెబ్బై దాటాయి, వేళ్ల కీళ్లు నొప్పులు, బ్రష్ పట్టు జారిపోతోంది. ఎలక్ట్రిక్ బ్రష్ తెస్తానంటే అమ్మ "వేపపుల్లతో తోముకున్న నోటికి కరెంటు బ్రష్షేంట్రా" అంటోంది. బీసెంట్ రోడ్డులో మామూలుది ముప్ఫైకి దొరుకుతుంటే ఇంత పెట్టడం దండగేనా?

బ్రాడీపేట: దండగేం కాదండీ. పిడి లావుగా ఉంటుంది, చెయ్యి ఆడించే పనే లేదు, పంటి మీద ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోతే అదే తోముతుంది. వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ అనే సంస్థ 2014 సమీక్షలో, మూడు నెలలకు పైగా వాడినవాళ్లకి మామూలు బ్రష్ కంటే పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తగ్గాయని తేలింది.

కృష్ణలంక: అసలు ఖర్చు ఎవరూ చెప్పట్లేదు. బ్రష్ తల మూడు నెలలకోసారి మార్చాలి, అవి మీ దగ్గర దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే కొనండి. గట్టిగా నొక్కితే హెచ్చరించే ప్రెషర్ సెన్సర్ ఉన్నదైతే చిగుళ్లకి మంచిది. చేతులు బాగున్నవాళ్లకైతే ఇదంతా ఎందుకు, సాఫ్ట్ బ్రష్ చిగురు వైపు 45 డిగ్రీలు వాల్చి రెండు నిమిషాలు తోమితే సరిపోతుంది, మనవాళ్లు అరనిమిషంలో ఉమ్మేస్తారు కానీ!

పటమట అబ్బాయి: సెన్సర్ ఉన్నదే చూస్తానండి. అమ్మకి ధర మాత్రం చెప్పను.