పంచాయతీ ఓటులో అంధులకు సహాయకుడొక్కడే దారా?

మూసీ వాణి
నాకు పుట్టుకతోనే చూపు లేదు. చదువంతా బ్రెయిలీలో సాగింది, ఇప్పుడు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. శాసనసభకూ లోక్‌సభకూ జరిగే ఎన్నికల్లో బ్రెయిలీలో అచ్చయిన నమూనా బ్యాలెట్‌ను చదువుకుని, యంత్రం మీద నీలం మీటల పక్కనున్న బ్రెయిలీ అంకెలను తడిమి, ఎవరి సాయమూ లేకుండా ఓటు వేసి వస్తాను. గత పంచాయతీ ఎన్నికలకు సొంతూరు వెళ్తే చేతిలో రెండు కాగితాలు పెట్టారు. సర్పంచికి గులాబీ రంగుది, వార్డు సభ్యుడికి తెల్లది అని చెప్పారు. వాటి మీద నా వేళ్లకు తెలిసేదేమీ లేదు. తోడు ఎవరినైనా పిలుచుకోమన్నారు. నేను ఒక్కదాన్నే వచ్చాను. వరుసలో ఉన్న మా చిన్నాన్న కొడుకు ముందుకొచ్చాడు. అతను పోటీలో ఉన్న ఒక అభ్యర్థి కోసం ఇల్లిల్లూ తిరిగినవాడు. నేను చెప్పిన గుర్తు మీదే ముద్ర వేశాడో లేదో నాకు నేటికీ తెలియదు, నేను ఎవరికి వేయమన్నానో మాత్రం అతనికి తెలుసు.

యంత్రం మీద బ్రెయిలీని మొదట ప్రయత్నించింది మన నగరంలోనే, 2004లో ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి అది దేశమంతటికీ చేరింది. అక్కడి నుంచి పల్లె బ్యాలెట్ పత్రం దాకా ఎందుకు రాలేదు?

ఓరుగల్లు మాస్టారు
అమ్మా వాణీ, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి, చాలా ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. మీ బూత్ అధికారి తప్పేమీ చేయలేదని మొదట చెప్పాలి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ అనే నియమం ఉంది. చూపు లేని ఓటరు పద్ధెనిమిదేళ్లు నిండిన ఒక సహాయకుడిని వెంట తీసుకెళ్లవచ్చు. ఆ సహాయకుడు అదే రోజు మరొకరికి సాయం చేయకూడదు, ఓటు రహస్యాన్ని కాపాడతానని ప్రకటన ఇవ్వాలి, ఆ వివరాలను ఫారం 14ఎలో రాయాలి. పంచాయతీ ఎన్నికల్లోనూ సహాయకుడిని అనుమతించే ఏర్పాటు ఉంది. చట్టం ఇచ్చిన సౌకర్యాన్ని వాడుకుని, తరువాత దాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు.

మూసీ వాణి
మాస్టారూ, అధికారి తప్పు చేశారని నేను ఎక్కడా రాయలేదు. ఆయన నియమం ప్రకారమే నడుచుకున్నారు, నా అభ్యంతరం ఆ నియమం దగ్గరే ఆగిపోవడం మీద. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 11వ సెక్షన్ కేంద్ర ఎన్నికల సంఘంతో పాటు రాష్ట్ర ఎన్నికల సంఘాలను కూడా పేరుపెట్టి చెబుతుంది. పోలింగ్ కేంద్రాలే కాకుండా ఎన్నికలకు సంబంధించిన సామగ్రి అంతా దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని అంటుంది. బ్యాలెట్ పత్రం కంటే ముఖ్యమైన సామగ్రి ఏముంది?

మానేరు తీరం
ఇంటి నుంచే ఓటు వేసే ఏర్పాటు వచ్చాక ఈ బాధ ఎందుకు? నీటికాసుల జబ్బుతో మా నాన్నగారికి చూపు పోయింది. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఫారం 12డి నింపి, సదరం పత్రం జతచేసి ఇస్తే అధికారులు ఇంటికే వచ్చి, వీడియో తీస్తూ ఓటు వేయించుకుని వెళ్లారు. పంచాయతీలకు కూడా అదే పెట్టించమని అడగండి. మా నాన్నగారికి బ్రెయిలీ రాదు, ఈ వయసులో నేర్చుకోలేరు కూడా.

చెరువుగట్టు
మా అమ్మకూ అలాగే ఇంటికి వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు.

మూసీ వాణి
ఇంటికి వచ్చేది యంత్రం కాదు, పోస్టల్ బ్యాలెట్ కాగితం. చూపు లేనివారికి అక్కడా మరొకరి చెయ్యి తప్పదు. పైగా ఒకసారి 12డి ఆమోదం పొందితే ఇక బూత్‌కు వెళ్లి ఓటు వేసే వీలు లేదు. కదలలేని పెద్దలకు అది గొప్ప మేలు, కాదనను. కానీ నేను రోజూ మెట్రో ఎక్కి ఉద్యోగానికి వెళ్లి వచ్చే మనిషిని. ఊరంతా వరుసలో నిలబడే చోట నేనూ నిలబడాలని కోరుకుంటున్నాను.

ఓరుగల్లు మాస్టారు
మానేరు తీరం గారు చెప్పిన విషయాన్ని మీరు దాటేస్తున్నారు. బ్రెయిలీ ఎంతమందికి వచ్చు? మధుమేహంతోనో నీటికాసులతోనో నడివయసు దాటాక చూపు పోయినవారిలో ఎక్కువమందికి బ్రెయిలీ చుక్కలు తెలియవు. యంత్రం మీద బ్రెయిలీ ఉన్నా పరిస్థితి ఏమిటో 2019లో నిజామాబాద్ చెప్పింది. 185 మంది అభ్యర్థులు నిలబడితే ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చవలసి వచ్చింది. చూపు ఉన్నవారికే తమ అభ్యర్థిని వెతుక్కోవడం కష్టమైన చోట వేళ్లతో ఎవరు వెతకగలరు? చివరికి ఆదుకునేది సహాయకుడే.

ఇంకొకటి కూడా చెబుతాను. ఒక ఎన్నికలో ఒకే యువకుడు ఇద్దరు వృద్ధులకు సహాయకుడిగా వచ్చాడని ఒక ఏజెంటు ఫిర్యాదు చేస్తే, మొదటిసారి అతను వచ్చింది పక్క బూత్‌కు, అది నాకు తెలిసే వీలు లేదు అని తేలేదాకా నేను సంజాయిషీల మీద సంజాయిషీలు రాసుకున్నాను. ఈ పని చేసేవారి మీద ఎంత బరువు ఉంటుందో బయటివారికి తెలియదు. కొత్త పరికరం ఇస్తే దాని లెక్క, దాని అప్పగింత, అది విరిగితే సంజాయిషీ, అన్నీ మళ్లీ ఆ ఉపాధ్యాయుడి మీదే పడతాయి.

ఇందూరు
ఐర్లాండులో 2018 నుంచి బ్యాలెట్ మీద అమర్చే, గడి గడికీ రంధ్రం ఉన్న ప్లాస్టిక్ పలకను వాడుతున్నారు. ఓటరు వేళ్లతో తడిమి గడిని గుర్తుపడతాడు, అభ్యర్థుల వరుసను ఉచిత ఫోన్ నంబరులో వింటాడు. అయితే బ్రిటన్‌లో అప్పటికి వాడుతున్న ఇలాంటి పరికరం ఒక్కటే సరిపోదని 2019లో అక్కడి హైకోర్టు చెప్పింది. ఏ గడి ఎవరిదో ఆ పరికరం చెప్పదు, దానికి మళ్లీ మరొకరిని అడగాలి.

మూసీ వాణి
ఇందూరు గారూ, నేను అడగబోయింది సరిగ్గా ఇదే. మన పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు ఉండవు, గుర్తులే ఉంటాయి, అవి ముందే నిర్ణయించిన వరుసలో వస్తాయి. ఊరూరికీ వేరే పలక చేయించవలసిన పని లేదు. గడుల కొలత ఒకటే అయితే పలక ఒకటే. వరుసను బూత్‌లో చదివి వినిపించవచ్చు, ఫోనులోనూ వినిపించవచ్చు. దీనికి బ్రెయిలీ కూడా అక్కరలేదు మాస్టారూ, మొదటి రంధ్రం, రెండో రంధ్రం అని లెక్కపెట్టుకోగలిగితే చాలు. మానేరు తీరం గారి నాన్నగారు కూడా స్వయంగా ముద్ర వేయగలరు.

మానేరు తీరం
మా నాన్నగారికి మేమున్నాం, ఏ పలకా అవసరం లేదు. మొదటి నుంచీ మీ మాటల్లో సహాయకుడు అంటే మోసగాడు అన్న ధ్వని వినిపిస్తోంది. తిండి పెట్టి, మందులు వేసి, ఆసుపత్రుల చుట్టూ తిప్పే కొడుకును ఓటు దగ్గర మాత్రం నమ్మకూడదా? మీ చిన్నాన్న కొడుకు మీద మీకున్న కోపాన్ని మా ఇళ్ల మీద రుద్దకండి.

మూసీ వాణి
మిమ్మల్ని మోసగాడని అనలేదు. ఒక్కటి అడుగుతాను, నిజాయితీగా చెప్పండి. ఎవరికి వేయాలో మీ నాన్నగారిని అడిగి వేస్తారా?

మానేరు తీరం
ఇందులో దాచుకునేదేమీ లేదు. మా ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకుని ఒకరికే వేస్తాం. ఊళ్లో పింఛనైనా ఇల్లైనా ఎవరి వెంట ఉంటే వస్తాయో ఆయనకు ఎలా తెలుస్తుంది? అది ఆలోచించేది మేమే. ఆయన ఎప్పుడూ వద్దనలేదు.

చెరువుగట్టు
అందరి ఇళ్లలోనూ జరిగేది ఇదే కదా.

పాలేరు లక్ష్మి
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇక చెప్పకుండా ఉండలేను. మా ఇంట్లోనూ ఎవరికి వేయాలో మా మామగారే చెబుతారు, నేను తల ఊపుతాను. కానీ ఆ అట్ట చాటుకు వెళ్లాక నేను ఏ మీట నొక్కానో ఆయనకు తెలియదు, నా భర్తకూ తెలియదు. ఇంటి మాట కాదని వేసిన సందర్భాలున్నాయి, ఆ కారణంగా ఇంట్లో ఏ గొడవా రాలేదు. బాబూ, మీ నాన్నగారు ఎప్పుడూ వద్దనలేదని అంటున్నారు. ముద్ర వేసే చెయ్యి మీదైనప్పుడు, మూడు పూటలా అన్నం పెట్టే చెయ్యి కూడా మీదైనప్పుడు ఆయన వద్దని ఎలా అంటారు? మీరు చెడ్డవారని కాదు. మంచి కొడుకు ఎదుటే వద్దనడం మరీ కష్టం.

మానేరు తీరం
చూపున్నప్పుడు కూడా మా నాన్నగారు మా తాతగారు చెప్పినవారికే వేసేవారు.

పాలేరు లక్ష్మి
అలా వేశానని మీ నాన్నగారు మీ తాతగారికి చెప్పి ఉంటారు.

ఓరుగల్లు మాస్టారు
లక్ష్మి గారి మాట నన్ను ఆలోచింపజేసింది. నియమంలో ఓటరు కోరిక ప్రకారం సహాయకుడు ఓటు వేయాలని స్పష్టంగా ఉంది. ఆ కోరిక ఏమిటో అధికారి అడగకూడదు, అడిగితే రహస్యం పోతుంది. కాబట్టి నియమం పాటించబడిందో లేదో తెలుసుకునే దారి అధికారికి లేదు. ఇది ఒప్పుకుంటాను. ఆ మాటకొస్తే యంత్రం దగ్గర కూడా, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు అద్దం వెనుక కనిపిస్తుంది, వాణికి బీప్ శబ్దమే వినిపిస్తుంది. అయినా సహాయకుడి ఏర్పాటును తీసేయమనే ఏ కోరికనూ నేను సమర్థించను. చూపుతో పాటు చేతుల పట్టు కూడా పోయినవారిని చాలామందిని బూత్‌లలో చూశాను.

మూసీ వాణి
తీసేయమని ఎవరూ అడగడం లేదు మాస్టారూ. రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపే వినతిపత్రంలో మూడు కోరికలు రాశాను. సహాయకుడు కావాలా, స్వయంగా వేస్తారా అని అధికారి ఓటరునే అడగాలి, వెంట వచ్చినవారిని కాదు. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఒక పలక ఉండాలి. గుర్తుల వరుసను ముందు రోజే ఫోనులో వినే వీలుండాలి. వీవీప్యాట్ సంగతి కేంద్ర ఎన్నికల సంఘానికి వేరుగా రాయాలి.

ఓరుగల్లు మాస్టారు
మొదటి కోరికలో "సహాయకుడి సౌకర్యం యథాతథంగా కొనసాగిస్తూ" అని చేర్చండి. పలకను సామగ్రి జాబితాలో చూపాలని, అది విరిగితే పోలింగ్ సిబ్బంది నుంచి వసూలు చేయకూడదని రెండో కోరికలో రాయండి. అప్పుడు సంతకం చేస్తాను.

మూసీ వాణి
రెండూ చేర్చాను. మానేరు తీరం గారూ, మీ నాన్నగారికి ఈ మూడు కోరికలు చదివి వినిపించండి. సంతకం పెట్టాలో వద్దో ఆయన చెప్పిన తరువాతే ఆయన పేరు రాస్తాను.

మానేరు తీరం
వినిపిస్తాను. ఆయన ఏమంటారో ముందే చెప్పలేను.