చెలకలో రాక్షసగుళ్ళు ఉన్నాయి, వెంచర్ వాళ్ళు డోజర్ దించే ముందు ఏం చేయాలి?

చెలక_చిన్నోడు:
దేవరకొండ దిక్కు మా అన్నదమ్ములకు ఉమ్మడి చెలక ఉంది. దాంట్లో ఒక మూల పోట్ ఖరాబ్ (సాగుకు పనికిరాని జాగ) కింద రాసి ఉంది, ఎందుకంటే అక్కడ పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా సగం పాతినట్టు ఉంటాయి, నడుమ చిన్న రాళ్ళ కుప్ప. అలాంటివి చాలా ఉన్నాయి. ఊర్లో రాక్షసగుళ్ళు అంటారు. తాతల నాటి నుంచి అక్కడ నాగలి పెట్టలేదు, మేకలు మేస్తాయి అంతే. ఇప్పుడు రోడ్డు పడింది, వెంచర్ వాళ్ళు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌కి తిరుగుతున్నారు, పెద్దన్న దాదాపు ఒప్పుకున్నాడు. వాళ్ళ మనిషి వచ్చి చూసి "రెండు రోజుల్లో లెవెల్ చేసి పడేస్తాం" అన్నాడు, అప్పటి నుంచి నాకు టెన్షన్. సర్కారుకు చెప్తే భూమి మొత్తం గుంజుకుంటారని అన్న భయం. పైగా మొన్న ఎవరో రాత్రిపూట వచ్చి ఒకదాని నడుమ గుంత తీసి, నిమ్మకాయలు, పసుపు కుంకుమ వదిలేసి పోయారు. అసలు ఇవి ఏంటివి, తవ్వితే ఎవరు తవ్వాలి, ఎవరి ఖర్చు, మా భూమికి ఏమవుతుంది?

పెంకులేరేవాడు:
తమ్మీ, నువ్వు చెప్పిన దాన్నిబట్టి అవి ఇనుప యుగం సమాధులు, అటూఇటూ రెండు మూడు వేల ఏళ్ళ నాటివి. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి, అందుకే ఎవరికీ లెక్కలేదు. ముందు గుప్తనిధుల సంగతి చెప్తా. వాటి కింద బంగారం ఉంటుందని గుంతలు తీసేవాళ్ళకి దొరికేది కుండలు, ఎముకలు, తుప్పు పట్టిన ఇనుప కత్తులు, బాణం మొనలు. సూర్యాపేట దిక్కు ఫణిగిరిలో 2024లో కుండ నిండా నాణేలు దొరికాయి చూడు, 3,730 నాణేలు, ఇక్ష్వాకు రాజుల కాలంవి, అన్నీ సీసమే. చరిత్రకి అవి అపురూపం, నిమ్మకాయలు పెట్టి తవ్వేవాడికి బీడీ కట్ట కూడా రాదు.

మా దిక్కు ఒక గుట్ట పక్కన మొరం కోసం జేసీబీ పెట్టి ఇలాంటి రాళ్ళ వలయాన్నే సగం కోసేశారు, నేను పోయేసరికి నిలువు కోత మిగిలింది. అందులో పైన అడుగు మందం ఎర్రమొరం, దాని కింద చిన్న రాళ్ళు, ఆ కింద పలక బండ అంచు, బండ పక్కన కుండ మూతి సగం బయటకొచ్చి ఉంది. లోపల, మూతి దగ్గర నల్లగా నిగనిగలాడుతూ, కింది భాగం ఎర్రగా. నలుపు ఎరుపు కుండలంటే ఇవే, బోర్లించి కాల్చడం వల్ల అట్లా రెండు రంగులు వస్తాయి. ఏ కుండ ఏ బండ పక్కన, ఏ పొరలో ఉందో తెలిస్తేనే దానికి అర్థం. మిగతా సగం టిప్పర్‌లో పోయి ఎవరి రోడ్డు కిందో పడింది, ఆ పెంకులు ఇప్పుడు దొరికినా ఒక్క మాట చెప్పవు.

కాబట్టి నువ్వు తవ్వకు, ఎవరినీ తవ్వనీయకు. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వాలన్నా కేంద్రం ముందస్తు అనుమతి కావాలి, 1958 పురావస్తు చట్టంలోనే ఉంది.

గుంటా_గజం:
అన్నా, నేను ప్లాట్ల లైన్‌లోనే ఉన్నా, ఉన్నదున్నట్టు చెప్తా. రక్షిత కట్టడాల దగ్గర తప్ప, పట్టా భూమిలో వెంచర్ వేసే ముందు పురావస్తు సర్వే చేయించి తీరాలన్న రూల్ నేను ఎక్కడా చూడలేదు. నాలా కన్వర్షన్ (సాగు భూమిని వేరే వాడకానికి మార్చుకోవడం), లేఅవుట్ పర్మిషన్, అంతే అడుగుతారు. 100 మీటర్లు కట్టొద్దు, ఆ పైన ఇంకో 200 మీటర్లు పర్మిషన్‌తో కట్టాలి అని పత్రికల్లో వచ్చేది కేంద్ర రక్షిత కట్టడాలకి. వీళ్ళ చెలక ఏ జాబితాలోనూ ఉండదు. రాళ్ళున్నాయని రైతు భూమి అమ్ముకోకూడదా? ఊర్లో ఉన్నవాడికి పెళ్ళిళ్ళు, అప్పులు ఉంటాయి, చరిత్ర మాట్లాడేవాళ్ళు ఎకరానికి ఎంతిస్తారో చెప్పమను.

పెంకులేరేవాడు:
అమ్ముకోవద్దని ఎవరన్నారు సార్? రూల్ లేదన్నది నిజమే, అందుకే చెప్తున్నా, భూమి ఇంకా ఇతని చేతిలో ఉన్నప్పుడే ఏదైనా జరగాలి, డోజర్ దిగాక మాట్లాడేదేం లేదు. ముడుమాల్ చూడండి, కృష్ణ ఒడ్డున, మన పాత పాలమూరు జిల్లానే. పొలాల మధ్య నిలువురాళ్ళు, మనిషికి రెండింతల ఎత్తువి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఇంకొకటి, మక్తల్ దిక్కు ఉట్నూరు. బూడిద దిబ్బ. ఎవరైనా చూస్తే పొలానికి తోలుకునే మన్ను అనుకుంటారు. 1957లో ఆల్చిన్ అనే ఆయన తవ్వితే అది నాలుగు వేల ఏళ్ళకు పైబడిన పశువుల దొడ్డి అని తేలింది, పేడ కాలి కాలి గుట్ట అయింది, ఆ పొరల్లో ఆవుల డెక్కల గుర్తులు అట్లానే ఉన్నాయి! దాన్ని ముందే ఎవరైనా లెవెల్ చేసి ఉంటే?

మబ్బుల_దేశం:
నేను ఇంగ్లండ్‌లో కన్‌స్ట్రక్షన్‌లో పనిచేస్తా, మాది మిర్యాలగూడ. ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తా, పనికొస్తే తీసుకోండి. 1989లో లండన్‌లో ఆఫీసు బిల్డింగ్ కడుతుంటే రోజ్ అనే పాత నాటకశాల పునాదులు బయటపడి పెద్ద గొడవైంది, 1990లో ప్లానింగ్‌కి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. అప్పటి నుంచి కట్టేవాడే ఖర్చు పెట్టుకోవాలి. ముందు పాత మ్యాపులు, రికార్డులు తిరగేస్తారు, తర్వాత అవసరమైన చోట అక్కడక్కడ పొడుగు ట్రెంచీలు తీస్తారు. మిషన్‌తోనే తీస్తారు, కాకపోతే పండ్లు లేని వెడల్పు బకెట్ పెట్టి పైమట్టిని పలచగా చెక్కుతారు, పక్కన పురావస్తు మనిషి నిలబడి చూస్తుంటాడు, మట్టి రంగు మారిందంటే చెయ్యెత్తి ఆపేస్తాడు. మా సైట్ ఇంజనీర్లు తిట్టుకుంటారు, ఆలస్యం అని, కానీ ప్రోగ్రాంలో ముందే వారాలు రాసి పెట్టుకుంటారు.

మనకి చేతకాదని కాదు. నాగార్జునసాగర్ నీళ్ళు వచ్చే ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయ మొత్తం తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని కొండ మీదికి, ఒడ్డున ఉన్న అనుపుకి మార్చారు. మన నల్లగొండ వైపు ఏలేశ్వరం కూడా మునిగే ముందు తవ్వారు. శ్రీశైలం డ్యాం అప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో కట్టారు. డ్యాం అయితే చేస్తాం, ప్లాట్లయితే ఎవరూ అడగరు.

చెలక_చిన్నోడు:
అందరికీ థాంక్స్. అన్నకి నిలువురాళ్ళ కథ చెప్తే నవ్వుతాడు, భూమి పోదని గట్టిగా చెప్పాలి. ఆ ముక్క ఎవరైనా చెప్పండి.

పెంకులేరేవాడు:
రాళ్ళున్నాయని చెప్పినంత మాత్రాన భూమి పోదు. కేంద్రం రక్షిత స్థలంగా ప్రకటించాలన్నా ముందు 2 నెలల నోటీసు ఇవ్వాలి, మీరు అభ్యంతరం చెప్పుకోవచ్చు. అసలు ఇబ్బంది వేరే ఉంది, దొరికింది దాచుకుంటేనే కేసు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది, భూమిలో దొరికిన దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలి. రేపు డోజర్ కింద ఏదైనా బయటపడి కూలీలు పంచుకున్నారనుకో, అప్పుడు మీ అన్నని కూడా పిలుస్తారు, అది చెప్పు.

ఇక పని. ఒక వాన పడ్డాక పొద్దున్నే పో, మట్టి కడిగి పెంకులు పైకి తేలుతాయి, ఏటవాలు వెలుగులో వలయాలు బాగా కనిపిస్తాయి. ప్రతి వలయానికి నంబర్ వెయ్యి, సుద్దతో కాదు, కాగితం మీద. టేపుతో అడ్డం కొలువు, ఫోన్‌లో లొకేషన్ పిన్ తీసుకో, గజం కట్టె పక్కన పెట్టి ఫోటో తియ్యి. ఆ దొంగ గుంతని కూడా ఫోటో తీసి ఠాణాలో కాగితం ఇవ్వు. పెంకులు ఏరి ఇంటికి తెచ్చుకోకు, దగ్గర్నుంచి ఫోటో చాలు. తర్వాత ఇవన్నీ పెట్టి హెరిటేజ్ తెలంగాణ (రాష్ట్ర పురావస్తు శాఖే) వాళ్ళకి, నకలు కలెక్టరేట్‌కి, రసీదు తీసుకుని ఇవ్వు. జవాబు ఆలస్యం కావచ్చు, అందుకే అగ్రిమెంట్‌లో ఆ మూల వదిలి సంతకం పెట్టండి.

గుంటా_గజం:
దీనికి నేను ఒప్పుకుంటా. లేఅవుట్‌లో పార్కు కోసం ఎలాగూ ఖాళీ జాగ వదలాలి, వెంచర్ వాళ్ళు ఎప్పుడూ పనికిరాని మూలే చూపిస్తారు. డ్రాయింగ్ గీసేముందే రాళ్ళ మూలని పార్కుగా చూపించమనండి, వాళ్ళకి గుండ్లు పగలగొట్టే డీజిల్ మిగులుతుంది. కాకపోతే నోటిమాట నమ్మకండి, నక్ష మీద వలయాల నంబర్లతో గీయించి అగ్రిమెంట్‌కి జత చేయించండి.

చెలక_చిన్నోడు:
ఇది అన్నకి ఎక్కుతుంది. టిప్పన్ (సర్వే నంబర్ కొలతల పటం) కాపీ మా దగ్గర లేదు, ఎక్కడ అడగాలి?

గుంటా_గజం:
జిల్లా సర్వే, ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసులో సర్వే నంబర్ రాసి అర్జీ పెట్టు. పోట్ ఖరాబ్ కొలతలు దాంట్లో ఉన్నాయా లేదా అక్కడే చూసుకో, లేకపోతే మళ్ళీ కొలిపించాల్సి వస్తుంది.